బండి మనది, తాళం ఎవరిది?

"రైతుకు బొలెరో ఎందుకయ్యా? అప్పులైనయని ఏడుస్తరు, ఇంటి ముంగట చూస్తే కారుంటది."

ఈ మాట ఈ మధ్య మన జిల్లాల్లో బాగా వినబడుతోంది. బ్యాంకు మేనేజర్ అంటున్నాడు. టీవీ చర్చల్లో కూర్చున్న పెద్దమనుషులు అంటున్నారు. మన ఊర్లోనే పుట్టి, పట్నంలో ఇల్లు కట్టుకుని, పండగకు కారులో వచ్చే చుట్టం కూడా అంటున్నాడు. రైతుబంధు పైసలతో స్కార్పియోలు కొన్నారట. ఈ మాటకు జవాబు చెప్పి, ఆ తర్వాత ఆ బండ్లు తయారుచేసే కంపెనీ సంగతికి వద్దాం. ఎందుకంటే ఈ రెండింటికీ సంబంధం ఉంది.

ముందు లెక్క. రైతుబంధు 2018లో ఎకరాకు పంటకు 4 వేలతో మొదలైంది, తర్వాత 5 వేలు అయింది. ఇప్పుడు రైతు భరోసా పేరుతో 6 వేలు. ఐదెకరాల రైతుకు రెండు పంటలకూ కలిపి, ఏ కోతా లేకుండా పడితే, సంవత్సరానికి 60 వేలు. రోడ్డు మీదికి వచ్చేసరికి పది లక్షలు దాటే బండిని ఈ పైసలతో కొనాలంటే పదహారు, పదిహేడేళ్లు పడుతుంది. అది కూడా విత్తనం కొనకుండా, మందు కొట్టకుండా, కైకిలి ఇవ్వకుండా! ఇంత చిన్న లెక్క తెలియని వాళ్లు కాదు వీళ్లు. రైతు చేతిలో తాళంచెవి కనబడితే కళ్లు మండుతున్నాయి, అంతే.

ఇక బండి ఎందుకంటారా? గట్టు మండలం నుంచి గర్భిణిని అర్ధరాత్రి గద్వాలకో, రాయచూరుకో, కర్నూలుకో తీసుకుపోవాలంటే ఎందుకో తెలుస్తుంది. సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసే రోజుల్లో పొద్దు పొడవకముందే కూలీలను చేను దగ్గర దించకపోతే పువ్వు చేతికి రాదు. కల్లంలో పల్లికాయ ఉన్నప్పుడు మబ్బు పడితే వనపర్తి యార్డుకు ఆ పూటే చేరాలి. కొల్లాపూర్ మామిడి తోటలో కాయ కోసిన తర్వాత ఎవరి కోసమూ ఆగదు. బస్సు లేని ఊళ్లు, ఉన్న బస్సు కూడా ఎత్తేసిన ఊళ్లు మన మూడు జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో సంఘం సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. సర్కారు బస్సు నడపనిచోట రైతు తన పైసలతో, తన అప్పుతో ఆ పని చేసుకుంటున్నాడు. దానికి కూడా తప్పు పడుతున్నారు.

కాబట్టి ప్రశ్న "రైతుకు బండి ఎందుకు" అనేది కాదు. బండి మనది అయినప్పుడు దాని తాళం ఎవరి దగ్గర ఉందనేదే ప్రశ్న. ఇంజిన్ చెడిపోతే విప్పే హక్కు ఎవరికి ఉంది? వాయిదా తప్పితే ఇంటి ముందు నుంచి తీసుకుపోయే అధికారం ఎవరు ఇచ్చారు? ఇవి అడగాలంటే కంపెనీ పేరు పెట్టి మాట్లాడాల్సిందే. మన దగ్గర ట్రాక్టర్ అన్నా, పికప్ అన్నా, ఏడుగురు ఎక్కే బండి అన్నా ఎక్కువగా కనబడేది మహీంద్రా. దేశంలో అమ్ముడయ్యే పది ట్రాక్టర్లలో నాలుగు ఆ గుంపువే. సంఖ్యలో చూస్తే ప్రపంచంలోనే పెద్ద ట్రాక్టర్ కంపెనీ. పెద్దవాడినే ముందు అడగాలి.

ఈ కంపెనీ చరిత్ర తెలుసుకోదగ్గది. 1945 అక్టోబర్ 2న లూధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైంది. అప్పటి పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా అన్నదమ్ములు. మూడో భాగస్వామి మలిక్ గులాం మహమ్మద్. ఈయన మనకు పూర్తిగా కొత్తవాడు కాదు, నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసినాయనే. దేశ విభజన కాగానే పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1947 నుంచే అమెరికా విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బొంబాయిలో బిగించి అమ్మడం మొదలుపెట్టారు.

ఆ జీపు మన ఊళ్లకు ఎలా వచ్చింది? రైతు బండిగా రాలేదు. సర్కారు బండిగా వచ్చింది. తహసీల్దారు జీపు, పోలీసు జీపు, సహకార బ్యాంకు వసూలు జీపు. నా చిన్నతనంలో ఊరి పొలిమేరలో దుమ్ము లేస్తే మగవాళ్లు చేన్లకు వెళ్లిపోయేవాళ్లు. బాకీ కట్టని ఇంటి తలుపులు పీకి అదే జీపులో వేసుకుపోయిన రోజులు మీలో యాభై దాటిన వాళ్లందరికీ గుర్తుంటాయి. తర్వాత ఆ జీపులే పాతబడి వేలంలో బయటికి వచ్చాయి. కమాండర్ జీపులు వచ్చాయి. అచ్చంపేట, కల్వకుర్తి, అలంపూర్ రోడ్ల మీద ఇరవై మందిని ఎక్కించుకుని, ఇంకో నలుగురిని వెనక వేలాడదీసుకుని తిరిగాయి. ఏపీ 22 నంబరు చెక్కిన ఆ బండ్లు మన పాలమూరు జిల్లా వలస బతుకులను ఎన్నేళ్లు మోశాయో. 2000లో బొలెరో వచ్చింది, 2002లో స్కార్పియో వచ్చింది. జిల్లాలు విడిపోయాక నంబర్లు టీఎస్ 31, 32, 33 అయ్యాయి, ఇప్పుడు టీజీ అంటున్నారు. బండి ముందర అక్షరాలు మారుతున్నాయి గానీ లోపల కూర్చునే జనం వాళ్లే.

ట్రాక్టర్ల సంగతి వేరే. 1963లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్‌లతో కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ పెట్టారు. బీ-275 అక్కడి నుంచి వచ్చిందే. 1977లో ఆ కంపెనీ మహీంద్రాలో కలిసిపోయింది. ఈ రోజుకీ 275 అంటే మన దగ్గర నంబరు కాదు, ఇంటిపేరు.

ఇక్కడ మనవాళ్లు చాలామందికి తెలియని రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది ఆల్విన్. హైదరాబాద్ సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీ పేరు వినని వాళ్లుండరు. 1942లో నిజాం సర్కారు పారిశ్రామిక నిధితో, అల్లాదీన్ కంపెనీ భాగస్వామ్యంతో పెట్టింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. మనం ఎక్కిన ఎర్ర బస్సుల బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, వాచీలు చేసింది. 80లలో జపాన్ వాళ్లతో చేతులు కలిపి చిన్న లారీలు చేసే కంపెనీలు దేశంలో నాలుగు లేచాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మనది, జహీరాబాద్‌లో పెట్టారు. (మిగతా మూడింట్లో డీసీఎం టొయోటా ఒకటి. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది కానీ, ఏ కంపెనీ చిన్న లారీ కనబడినా మనం ఇప్పటికీ "డీసీఎం వచ్చింది" అంటాం. బండి పోయినా పేరు పోలేదు.) ఆల్విన్ నిస్సాన్ నష్టాల్లో పడింది. 80ల చివర్లో మహీంద్రా చేతికి వెళ్లింది, 90లలో పూర్తిగా అందులో కలిసిపోయింది. ఇవాళ జహీరాబాద్‌లో మహీంద్రా బండ్ల ఫ్యాక్టరీ ఉంది, 2013 నుంచి పెద్ద ట్రాక్టర్ ఫ్యాక్టరీ కూడా నడుస్తోంది. దాని పునాది ప్రజల సొమ్ముతో పడింది. ఆ భూమి కింద ఉన్నది మన రాష్ట్ర రైతు కట్టిన పన్ను.

రెండోది స్వరాజ్. ఇది విదేశీ నమూనా కాదు. దుర్గాపూర్‌లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో మన ఇంజినీర్లు గీసిన ట్రాక్టర్. తయారుచేసింది పంజాబ్ ప్రభుత్వం పెట్టిన పంజాబ్ ట్రాక్టర్స్. 1974లో మొదటి బండి బయటికి వచ్చింది. లాభాల్లో నడిచిన కంపెనీ అది. ప్రభుత్వం తన వాటా అమ్ముకుంది, చేతులు మారి 2007లో మహీంద్రాకు చేరింది. ఇప్పుడు మనం షోరూంకు పోయి "మహీంద్రా వద్దు, స్వరాజ్ చూపించు" అంటే పైసలు ఒకే ఇంటికి పోతాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘంలోనే కొందరు మిత్రులు అంటుంటారు: "ఇది స్వదేశీ కంపెనీ. విదేశీ కంపెనీల మీద పోరాడుదాం గానీ దీన్ని ఎందుకు అంటారు?" స్వదేశీ అన్న మాట నాకూ ఇష్టమే. కానీ స్వదేశీ అంటే ప్రజల సొమ్ముతో పుట్టిన ఫ్యాక్టరీలు చౌకగా ఒకరి చేతికి పోవడం కాదు. కంపెనీ మనది అని అన్నప్పుడు మనం అడిగే ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత దానికి ఇంకా ఎక్కువ.

ఇంకో వైపు కుర్రవాళ్లు ఉన్నారు. "బహిష్కరించాలి" అంటారు. దేన్ని బహిష్కరించి దేన్ని కొంటావురా తమ్ముడూ? ఇంకో కంపెనీ ట్రాక్టర్ ఎక్కితే దాని వెనక ఇంకో ఫైనాన్స్ ఉంటుంది. ఈ వ్యాసంలో అడుగుతున్నవి మొత్తం బండ్ల వ్యాపారాన్ని. మహీంద్రా ముందు వరుసలో ఉంది కాబట్టి దాని పేరు ముందు వస్తోంది.

బండి గురించి కొన్నవాళ్లు ఏమంటున్నారో కూడా ఉన్నది ఉన్నట్టు రాయాలి. గత నెల పెబ్బేరు సంతలో, అయిజ, బిజినేపల్లి, పానగల్ సమావేశాల్లో నేను ఎంతోమందిని అడిగాను. బొలెరో గురించి తిట్టినవాళ్లు కూడా దాన్ని అమ్మమన్నారు. స్ప్రింగులు గట్టి, వెనక సీట్లో కూర్చుంటే నడుము పట్టేస్తుంది, గాలికి ఊగుతుంది, లోపల ఎడ్లబండికి ఎక్కువ కారుకు తక్కువ. ఇవి తిట్లు. చెల్కలో దించినా బయటికి వస్తుంది, గుంతల బాటలో కింద తగలదు, పదేళ్లు తొక్కినా అడిగేవాడు ఉంటాడు, ఏ ఊరి మెకానిక్ అయినా చేయి పెడతాడు. ఇవి పొగడ్తలు. ఒక పెద్దాయన చెప్పిన మాట నాకు నచ్చింది: "అది ముసలెద్దు లెక్క. అందం లేదు. కాడి కింద పెడితే నడుస్తది."

ట్రాక్టర్ల విషయంలో నల్లరేగడి రైతు ఒకటి చెబుతాడు, చెల్క రైతు ఇంకొకటి. జూరాల కాలువ కింద వరి దమ్ము చేసేవాళ్లు కేజ్‌వీల్స్ వేసి బురదలో దించాక బరువు గురించి మాట్లాడతారు. కల్వకుర్తి లిఫ్ట్ నీళ్లు వచ్చాక ఈ మాటలు నాగర్‌కర్నూల్ వైపు కూడా వినబడుతున్నాయి. మెట్టలో పత్తి, పల్లి వేసేవాళ్లు డీజిల్ లెక్క మాట్లాడతారు. పాత 275 నడిపినవాడు డీజిల్ పొదుపు గురించి చెప్పకుండా మాట ముగించడు. ఎవరినడిగినా చివరికి ఒక్క దగ్గరికి వస్తున్నారు: పాత బండి మన చేతిలో ఉండేది, కొత్త బండి కంపెనీ చేతిలో ఉంటోంది.

ఇది పాతకాలం మీద మోజు కాదు. పాత డీజిల్ ఇంజిన్‌లో పంపు, నాజిల్, ఫిల్టరు. గ్యారేజీలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లవాడు చెవి పెట్టి విని ఏ సిలిండర్ కొట్టుకుంటుందో చెప్పేవాడు. 2020 ఏప్రిల్ నుంచి రోడ్డు బండ్లకు బీఎస్-6 వచ్చింది. పొగ తగ్గాలి, దానికి మనం వ్యతిరేకం కాదు. మన పిల్లల ఊపిరే కదా. కానీ దాంతోపాటు సెన్సార్లు, కంప్యూటరు పెట్టె వచ్చాయి. పసుపు లైటు వెలిగితే బండి జోరు తగ్గిపోతుంది. ఎందుకు వెలిగిందో తెలియాలంటే స్కానర్ పెట్టాలి. ఆ స్కానర్, దాని సాఫ్ట్‌వేర్ షోరూంలో ఉంటాయి. షోరూం జిల్లా కేంద్రంలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉంటుంది. పత్తి తీసే వారంలో బండి మూడు రోజులు అక్కడ నిలబడితే కూలీల కిరాయి, పోయిన ధర, రైతు తిరుగుడు ఎవరు కట్టిస్తారు? 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కూడా 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. రేపు చిన్న ట్రాక్టర్లకూ వస్తాయి. ఇప్పుడే మాట్లాడకపోతే మన ఊరి మెకానిక్ షెడ్లు మూతపడ్డాక మాట్లాడి లాభం లేదు.

ఇది మన ఊహ అనుకునేవాళ్ల కోసం ఒక తీర్పు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది. ఎందుకు? అసలు విడిభాగాలు బయటి మార్కెట్‌లో దొరకనీయకుండా చేశారు. బయటి మెకానిక్‌కు రిపేరు పుస్తకాలు, పరీక్ష పరికరాలు అందనీయలేదు. ఆ విధంగా కొన్నవాణ్ణి తమ షోరూంకు కట్టేసి తమకు నచ్చిన ధర గుంజారు. టాటా మోటార్స్‌కు 1,346 కోట్లు, మారుతికి 471 కోట్లు, మహీంద్రాకు 292 కోట్లు పడింది. జరిమానాతో పాటు ఒక ఆదేశం కూడా ఉంది: విడిభాగాలు, పరికరాలు బయటివాళ్లకు అందుబాటులో పెట్టండి, బయట రిపేరు చేయించాడన్న ఒక్క కారణంతో వారంటీ తీసేయకండి అని. కంపెనీలు కోర్టులకు వెళ్లాయి. జరిమానా సంగతి లాయర్లు చూసుకుంటారు. మనకు కావలసింది ఆ ఆదేశం. పదేళ్లు దాటింది. వనపర్తి బైపాస్ మీద ఉన్న మెకానిక్‌ను అడగండి, ఏ కంపెనీ అయినా వచ్చి "ఇదిగో స్కానర్, ఇదిగో పుస్తకం, ఇంత కట్టి తీసుకో" అన్నదేమో.

అమెరికాలో రైతులు ఇదే గొడవ జాన్ డీర్ కంపెనీతో చేస్తున్నారు. అక్కడి రైతుకు వందల ఎకరాలుంటాయి, కోట్ల విలువ చేసే యంత్రముంటుంది, అయినా కోత మధ్యలో ఆగిపోతే లాప్‌టాప్ పట్టుకున్న డీలర్ మనిషి వచ్చేదాకా గట్టు మీద కూర్చోవలసిందే. వాళ్లు ఊరుకోలేదు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి కేంద్ర వాణిజ్య కమిషన్ జాన్ డీర్ మీద దావా వేసింది. మన కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? 2022 డిసెంబర్‌లో రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. అందులో వ్యవసాయ యంత్రాలు కూడా చేర్చారు, సంతోషం. కానీ పోర్టల్‌లో ఫోన్ నంబరు చూసి బండి స్టార్ట్ కాదు. చట్టం కావాలి.

భద్రత సంగతి కూడా ఇక్కడే. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గోడకు గుద్దించి నక్షత్రాలు ఇస్తుంది. 2016లో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు సున్నా వచ్చింది. అదే కంపెనీ 2020లో ఎక్స్‌యూవీ 300కు ఐదు తెచ్చుకుంది, థార్‌కు నాలుగు వచ్చాయి. 2022లో స్కార్పియో-ఎన్‌కు ఐదు. అంటే చేయడం చేతనవును. మరి 2024 ఏప్రిల్‌లో బొలెరో నియోకు ఒక్కటంటే ఒక్క నక్షత్రం ఎందుకు వచ్చింది? పట్నంలో తిరిగే బండికి ఐదు, పల్లెబాటలో పదిమందిని మోసే బండికి ఒకటా? ఇనుము మందంగా ఉంది, గుద్దితే అవతలివాడికే దెబ్బ అని మనవాళ్లు అనుకుంటారు. రేకు మందం మనిషిని కాపాడదు. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను బండి తాను మింగాలి, మనిషి దాకా రానీయకూడదు.

ఇంకా చెప్పాలంటే నక్షత్రాలన్నీ ముందు కూర్చున్నవాళ్లకూ సీట్లలో ఉన్నవాళ్లకూ. వెనక ట్రాలీలో నిలబడ్డ కూలీలకు ఏ నక్షత్రం ఉంది? 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లు. మన జిల్లాల్లో మిరప, పత్తి ఏరే కాలంలో పొద్దున ఐదింటికి రోడ్డు మీద నిలబడి చూడండి, ఎన్ని పికప్పులలో మన అక్కచెల్లెళ్లు మేకల మందలా నిలబడి పోతారో. ఈ తప్పు కంపెనీది అని నేను అనను. బస్సు వేయని సర్కారుది. కైకిలిలో కిరాయి మిగుల్చుకునే మేస్త్రీది. మనలో కూలీలను పిలిపించుకునే రైతులది కూడా. ఇది రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి. అప్పు.

మన దగ్గర బండి కొనడం అంటే అప్పు కొనడం. జాతీయ బ్యాంకుకు వెళితే పట్టా, పహాణీ, నో డ్యూస్, ఇద్దరు జామీనుదారులు, నాలుగు నెలలు. షోరూంలోనే బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్స్ కుర్రవాడు సాయంత్రానికి ఇస్తానంటాడు. మహీంద్రా ఫైనాన్స్ 1991లో మొదలైంది. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. బండి అమ్మడం కంటే అప్పు అమ్మడంలోనే రుచి ఎక్కువని వ్యాపారులందరికీ తెలుసు.

ఆ కుర్రవాడు చెప్పే "9 శాతం వడ్డీ" అన్న మాటను విప్పి చూద్దాం. 6 లక్షల అప్పు, ఐదేళ్లు, "ఫ్లాట్" 9 శాతం అన్నాడనుకోండి. ఏటా 54 వేలు, ఐదేళ్లకు 2 లక్షల 70 వేలు. మొత్తం 8 లక్షల 70 వేలు, నెలకు 14,500. చూస్తే సరిగ్గానే ఉంది. కానీ మీరు ప్రతి నెలా అసలు కూడా కొంత తీర్చేస్తున్నారు కదా. నాలుగో ఏట మీ దగ్గర ఉన్న వాళ్ల సొమ్ము 6 లక్షలు కాదు, రెండు లక్షల చిల్లరే. వడ్డీ మాత్రం 6 లక్షల మీదనే వేస్తున్నాడు. బ్యాంకు పద్ధతిలో, తగ్గే అసలు మీద లెక్క కడితే ఇది దాదాపు 16 శాతం అవుతుంది. తొమ్మిది అని చెప్పి పదహారు తీసుకోవడాన్ని మన ఊరి షావుకారు చేస్తే ఏమంటాం?

దీనికి రిజర్వు బ్యాంకు ఒక మందు ఇచ్చింది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ఇలాంటి అప్పులన్నిటికీ "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అనే కాగితం ముందుగా ఇవ్వాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన అసలు వార్షిక వడ్డీ రేటు రాయాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అంటే మనకు తెలుగులో. సంతకం పెట్టేముందు ఆ కాగితం అడగండి. లేదంటే సంతకం పెట్టకండి. నేను మొన్న ట్రాక్టర్ తీసుకున్నప్పుడు షోరూంలో బిల్లు మీద లేని ఏడు వేలు "హ్యాండ్లింగ్" అని అడిగారు. రశీదు రాయండి, ఇస్తానన్నాను. మేనేజర్ లోపలికి పోయి వచ్చి "వద్దులే పెద్దాయనా" అన్నాడు. రశీదు అన్న మాటకు అంత బలముంది. ఇన్సూరెన్స్ కూడా అంతే, వాళ్ల దగ్గరే చేయించాలన్న చట్టం ఎక్కడా లేదు.

వాయిదా తప్పితే ఏం జరుగుతుంది? 2022 సెప్టెంబర్‌లో జార్ఖండ్ హజారీబాగ్ జిల్లాలో జరిగింది మనం మరచిపోకూడదు. వికలాంగుడైన ఒక రైతు మహీంద్రా ఫైనాన్స్ అప్పుతో ట్రాక్టర్ కొన్నాడు. వాయిదాలు ఆగాయి. వసూలు మనుషులు వచ్చి ట్రాక్టర్ తీసుకుపోతుంటే, గర్భిణి అయిన ఆయన కూతురు అడ్డం నిలబడింది. ఆ ట్రాక్టర్ చక్రాల కిందే నలిగి చనిపోయింది. సొంత పొలం దున్నడానికి తెచ్చుకున్న చక్రాలు. కంపెనీ పెద్దలు విచారం ప్రకటించారు, విచారణ చేస్తామన్నారు. సెప్టెంబర్ 22న రిజర్వు బ్యాంకు ఆ సంస్థను బయటి ఏజెంట్లతో బండ్లు గుంజుకోవడం ఆపమని ఆదేశించింది. 2023 జనవరిలో ఆ ఆంక్ష ఎత్తేసింది. నాలుగు నెలలు కూడా గడవలేదు.

దౌర్జన్యం చేసే మనుషులను పెట్టి బండ్లు గుంజుకునే అధికారం బ్యాంకులకు లేదని, చట్టం ప్రకారమే వసూలు చేసుకోవాలని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. పొద్దున 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. మన ఊళ్లలో మాత్రం రాత్రి తొమ్మిదింటికి బైకు మీద ఇద్దరు వచ్చి, వాకిట్లో నిలబడి, వీధి మొత్తం వినేలా మాట్లాడతారు. వాళ్లు కూడా మన మండలాల పిల్లలే, డిగ్రీ చదివి పని దొరకక కమీషన్‌కు తిరుగుతున్నవాళ్లు. వాళ్లతో కొట్లాట వద్దు. గుర్తింపు కార్డు, అధికార పత్రం అడగండి, ఫోన్‌లో వీడియో తీయండి, వెంటనే సంఘానికి కబురు పెట్టండి. పదిమంది ఊరివాళ్లు నిశ్శబ్దంగా వచ్చి బండి చుట్టూ నిలబడితే చాలు.

ఇక్కడ ఇంకోమాట. ఢిల్లీ సరిహద్దుల్లో 2020 నవంబర్ నుంచి ఏడాది పైగా రైతులకు ట్రాక్టర్లే ఇళ్లు అయ్యాయి. ఆ ఉద్యమంలోనే 2021 అక్టోబర్ 3న లఖీంపూర్ ఖేరీలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి కుటుంబపు థార్, దాని వెంట వచ్చిన బండ్లు నడిచి పోతున్న రైతుల మీదికి దూసుకెళ్లాయి. నలుగురు రైతులు, ఒక విలేకరి చనిపోయారు. ఆ గొడవలో పోయిన ప్రాణాలు మొత్తం ఎనిమిది. దానికి బండి చేసిన కంపెనీని అనడం న్యాయం కాదు, నేను అనను. కానీ ఒకే ఇంట్లో పుట్టిన రెండు బండ్లు, ఒకటి రైతు కింద, ఒకటి రైతు మీద. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందన్నదే రాజకీయం.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు వచ్చింది. ఇది మన సంఘాలు ఎన్నేళ్లుగానో అడిగింది, వచ్చింది కాబట్టి తీసుకుందాం. పన్నుతో కలిపి 7 లక్షలున్న ట్రాక్టర్ మీద ఇది 43,750 రూపాయలు. ఆ రోజుకు ముందు బిల్లు, తర్వాత బిల్లు పక్కపక్కన పెట్టి చూడాలి. పన్ను తగ్గిన మేరకు ధర తగ్గిందా, లేక కొన్నాళ్లకు ఇంకో పేరుతో పైకి ఎక్కిందా? విడిభాగాల ధర కూడా అలాగే చూడాలి. క్లచ్ ప్లేటు ధర తగ్గకపోతే తగ్గిన 13 శాతం ఎవరి జేబులోకి పోయినట్టు?

మన సంఘం మూడు జిల్లాల కలెక్టర్లకూ, రవాణా అధికారులకూ ఇవ్వబోయే వినతిపత్రంలో ఇవన్నీ ఉన్నాయి. ప్రతి షోరూంలో విడిభాగాల ధరల పట్టిక తెలుగులో గోడకు వేయాలి. బయటి మెకానిక్‌లకు పరికరాలు ధర కట్టి ఇవ్వాలి, ఐటీఐలలో కొత్త ఇంజిన్ల మీద శిక్షణ పెట్టాలి. పంట చేతికొచ్చే కాలానికి వాయిదాలు సర్దాలి, సీడ్ పత్తి పైసలు కంపెనీ ఆర్గనైజర్ల దగ్గర ఇరుక్కున్న నెలల్లో వాయిదా అడగడం అన్యాయం. అప్పు తీరిన రోజే ఎన్‌ఓసీ, ఫారం 35 రైతు చేతిలో పెట్టాలి. అప్పు తీరి రెండేళ్లయినా ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉన్న బండ్లు మన దగ్గర కొల్లలు. అమ్ముదామంటే అమ్ముడుపోవు.

ఉత్త మాటలతో పోతే కలెక్టరేట్‌లో టీ ఇచ్చి పంపుతారు. కాగితాలు కావాలి. ఈ నెల మండల సమావేశాలకు వచ్చే సభ్యులు బండి కొన్న బిల్లు, అప్పు ఒప్పందం, వాయిదాల పుస్తకం, చివరి రెండు సర్వీసుల బిల్లులు, ఆర్‌సీ జిరాక్స్ తీసుకుని రండి. ఏ కంపెనీ బండి అయినా ఫరవాలేదు. పక్కింటివాళ్లకు చదువు రాకపోతే వాళ్ల కాగితాలు కూడా మీరే పట్టుకురండి. మెకానిక్ సోదరులు ఏ మోడల్‌కు ఏ సామాను ఎన్ని రోజులకు దొరికిందో ఒక కాగితం మీద రాసి పంపండి. వడ్డీ లెక్క కట్టడానికి ఇద్దరు రిటైర్డ్ టీచర్లు ఒప్పుకున్నారు, కాలిక్యులేటర్లు వాళ్లే తెచ్చుకుంటామన్నారు.